తుపాను బులెటిన్‌ను విజయవాడలో ఎలా చదవాలి: భారత వాతావరణ శాఖ హెచ్చరిక సేవపై సమీక్ష

భారత వాతావరణ శాఖ ఉచితంగా అందించే తుపాను హెచ్చరిక సేవ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఢిల్లీలోని ప్రాంతీయ ప్రత్యేక వాతావరణ కేంద్రం విడుదల చేసే బులెటిన్లు, వాటికి జతచేసే గమన పటం, మచిలీపట్నం డాప్లర్ రాడార్ చిత్రాలు, ఫోనులో వాడుకునే మౌసం యాప్, వీటన్నిటినీ కలిపి ఒకే సేవగా తీసుకుంటున్నాను. నేను ఉండేది విజయవాడలో. అవనిగడ్డ వైపు వరి పండించే బంధువులు ఉన్నారు కాబట్టి ఏటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ బులెటిన్లను క్రమం తప్పకుండా చదువుతాను. తీరంలో ఉండేవారికి ఇంతకు మించిన సేవ మన దేశంలో లేదని నా అభిప్రాయం. తీరానికి దూరంగా ఉన్న నగరవాసులకు కూడా ఇది ఎంతో అక్కరకు వస్తుంది, కాకపోతే మనం తుపాను పేరునూ గాలి వేగాన్నీ కాసేపు పక్కన ఉంచి, వర్షం గురించిన పేరాను ముందు చదవాలి.

బంగాళాఖాతంలో తుపాను ఏర్పడ్డాక బులెటిన్ మూడు గంటలకోసారి వస్తుంది. తీరం దగ్గరపడే కొద్దీ గంటగంటకూ స్థితి తెలుపుతారు. తుపాను కేంద్రం ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర ఉందో, మచిలీపట్నానికో కాకినాడకో ఏ దిక్కున ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో, గడచిన ఆరు గంటల్లో ఎటు ఎంత వేగంతో కదిలిందో మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. ఇక్కడ రెండు వేగాలు ఉంటాయని గుర్తుంచుకోవాలి. ఒకటి తుపాను మొత్తంగా సముద్రం మీద ముందుకు జరిగే వేగం, ఇది చాలాసార్లు గంటకు 10, 15 కిలోమీటర్లకు మించదు. రెండోది కేంద్రం చుట్టూ తిరిగే గాలుల వేగం, ఇది గంటకు 62 కిలోమీటర్ల దగ్గర మొదలై 200 కూడా దాటవచ్చు. టీవీ తెర అడుగున పరుగెత్తే అక్షరాల్లో ఈ రెండూ కలగలిసిపోయి, చూసేవారికి ఏది ఏదో అర్థం కాదు. బులెటిన్‌లో ఆ గందరగోళానికి తావులేదు. అయితే ముందుకు జరిగే వేగం తక్కువగా ఉందని చూసి ఎవరూ ఊరట చెందకూడదు. నెమ్మదిగా కదిలే తుపాను ఒకే ప్రాంతం మీద ఎక్కువసేపు కురుస్తుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను, అంతకు ముందే చెన్నైకి దగ్గరగా సముద్రంలో మెల్లగా సాగుతూ ఆ నగరాన్ని ముంచెత్తిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

తీవ్రతను తెలిపే పేర్లన్నీ గాలి మీదే ఆధారపడి ఉంటాయి. గంటకు 31 కిలోమీటర్ల లోపు గాలులుంటే అల్పపీడనం, 31 నుంచి 49 వరకు వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. ఆపై మరో మెట్టు ఎక్కి 222కు చేరితే దాన్ని సూపర్ సైక్లోన్ అంటారు. తుపాను స్థాయికి చేరిన తరువాతే 13 దేశాలు కలిసి ఇచ్చిన జాబితాలోంచి దానికి ఒక పేరు దక్కుతుంది. వాయుగుండానికి పేరు ఉండదు. ఈ ఒక్క విషయం వల్లనే విజయవాడలో ఎంత ప్రమాదం పొంచి ఉంటుందో తరువాత చెబుతాను.

ఢిల్లీ వాతావరణ కేంద్రం ఇచ్చే బులెటిన్లలో నిపుణుల కోసం రాసే భాగం ఒకటి ఉంటుంది. సాధారణ పాఠకులు దాన్ని దాటవేస్తారు. నా దృష్టిలో ఈ సేవ మొత్తంలో అత్యంత విలువైన భాగాల్లో అది ఒకటి, ఎందుకంటే తుపాను బలపడుతుందా, బలహీనపడుతుందా అన్న అంచనాకు కారణాలు అక్కడే కనిపిస్తాయి. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, కింది గాలులకూ ఎత్తులోని గాలులకూ మధ్య వేగంలోనూ దిశలోనూ ఉన్న తేడా, నడిమి ఎత్తుల్లోని తేమ, ఇవన్నీ అందులో రాస్తారు. తుపాను పుట్టాలంటే సముద్రపు నీరు కనీసం 26.5 డిగ్రీల సెల్సియస్ వేడితో, అదీ పైపొరలోనే కాక 50 మీటర్ల లోతు దాకా ఉండాలి. ఆ వేడికి ఆవిరైన నీరు పైకి వెళ్లి మేఘంగా మారేటప్పుడు, తనలో దాచుకున్న గుప్తోష్ణాన్ని చుట్టూ ఉన్న గాలికి ఇచ్చేస్తుంది. వేడెక్కిన గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద పీడనం తగ్గుతుంది, ఆ ఖాళీలోకి నలువైపుల నుంచి తేమగాలి పరుగున వస్తుంది, అదీ పైకి లేచి మళ్లీ వేడినిస్తుంది. భూభ్రమణం వల్ల కలిగే కోరియాలిస్ ప్రభావం ఆ గాలిని నేరుగా కేంద్రంలోకి చేరనివ్వకుండా పక్కకు తిప్పుతుంది, అందుకే మన వైపు తుపానులు గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. భూమధ్యరేఖకు అయిదు డిగ్రీల లోపల ఈ ప్రభావం చాలా బలహీనం కావడంతో అక్కడ తుపానులు పుట్టడం బహు అరుదు. అట్లాంటిక్‌లో హరికేన్లుగా, పశ్చిమ పసిఫిక్‌లో టైఫూన్లుగా పిలిచేవాటి పుట్టుక కూడా ఇదే.

ఇన్ని కుదిరినా, పై గాలులు ఒక దిశలో కింది గాలులు మరో దిశలో బలంగా వీస్తుంటే మేఘాల గోపురం నిలువుగా నిలబడలేక ఒరిగి చెదిరిపోతుంది. జులై, ఆగస్టు నెలల్లో సముద్రం వేడిగానే ఉన్నా బంగాళాఖాతంలో పెద్ద తుపానులు రాకపోవడానికి ముఖ్య కారణం ఇదే. రుతుపవనాల కాలంలో ఆ తేడా చాలా ఎక్కువగా ఉంటుంది. అది సడలే ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మరోసారి తుపానుల కాలం నడుస్తుంది. బంగాళాఖాతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు ఉప్పునీటి మీద తేలికైన పొరగా పరుచుకుంటుంది. అడుగున ఉన్న చల్లని నీరు సులభంగా పైకి కలవదు కాబట్టి ఆ పొరలో వేడి నిలిచిపోతుంది. ఈ నాలుగు మాటలు తెలిసిన పాఠకుడికి, తుపాను ఇంకా బలపడవచ్చని బులెటిన్‌లో చదివినప్పుడు అది భయపెట్టే మాట అనిపించదు, కారణంతో కూడిన లెక్క అనిపిస్తుంది.

ఇక గమన పటం. తుపాను కేంద్రం ఎటు వెళ్లవచ్చో చూపే గీత, దాని చుట్టూ ముందుకు వెళ్లే కొద్దీ వెడల్పయ్యే శంకువు అందులో ఉంటాయి. 24 గంటల ముందు వేసే అంచనాలో సగటు పొరపాటు గత ఇరవై ఏళ్లలో దాదాపు సగానికి తగ్గింది. ఇది మామూలు విజయం కాదు. కానీ ఈ పటాన్ని చదివే తీరులో జనం తరచూ పొరబడుతున్నారు. శంకువు చెప్పేది కేంద్రం ఎక్కడెక్కడ ఉండవచ్చన్నది మాత్రమే, నష్టం ఎంత మేర జరుగుతుందన్నది కాదు. శంకువు బయట ఉన్న ఊరు క్షేమమని అనుకోవడానికి వీల్లేదు.

దీనికి మన కృష్ణా జిల్లా చరిత్ర కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. మనుషులు కొట్టుకుపోయింది మాత్రం అక్కడికి సుమారు అరవై కిలోమీటర్ల తూర్పున ఉన్న దివిసీమలో. గాలులు అపసవ్యంగా తిరుగుతాయి కాబట్టి, తుపాను సాగే దారికి కుడివైపున అవి సముద్రం మీద నుంచి నేల మీదికి వీస్తాయి, ఎడమవైపున నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తాయి. కుడివైపు గాలి సముద్రాన్ని ఒడ్డుకు నెడుతుంది. తీరం లోతు తక్కువగా ఉండటంతో ఆ నీటికి కిందికి పోయే దారి లేక ఎత్తుగా లేస్తుంది. పీడనం తగ్గడం వల్ల లేచే నీరు స్వల్పం, ఒక మిల్లీబారుకు ఒక సెంటీమీటరు చొప్పున మాత్రమే. మిగిలినదంతా గాలి నెట్టిందే. ఆ రాత్రి ఉప్పెన సుమారు అయిదు మీటర్ల ఎత్తున వచ్చింది. అధికారిక లెక్కల్లోనే మృతులు దాదాపు పదివేలు. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం పరిసరాల్లో తీరం దాటిన తుపాను కూడా ఎంతో తీవ్రమైనదే, అయినా ముందుగా లక్షకు పైగా జనాన్ని తరలించడం వల్ల మృతుల సంఖ్య వెయ్యి లోపు ఆగింది. ఈ రెంటి మధ్య తేడాలో హెచ్చరిక విలువ ఎంతో తెలుస్తుంది. ఇప్పుడు బులెటిన్‌లో ఉప్పెన గురించి ప్రత్యేకంగా రాస్తారు, హైదరాబాదులోని జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కూడా ఈ అంచనాలు ఇస్తుంది. నాగాయలంక, కోడూరు మండలాల్లో బంధువులున్నవారు గీత ఎక్కడ తీరాన్ని తాకుతుందో చూడటంతో ఆగకుండా, తమ ఊరు ఆ గీతకు కుడివైపున ఉందా లేదా అన్నది తప్పక చూసుకోవాలి.

బులెటిన్‌లో నాకు బాగా నచ్చే మరో భాగం, జరగబోయే నష్టాన్ని ముందే రాసే పేరా. తుపాను స్థాయిలో గుడిసెల పైకప్పులు దెబ్బతినడం, కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడటం; తీవ్ర తుపాను అయితే రోడ్ల పక్కనున్న పెద్ద చెట్లు కూలడం; ఇంకా పై స్థాయిలో మట్టిగోడల ఇళ్లు కూలడం, రేకులు ఎగిరి మనుషులకు తగిలే ప్రమాదం, రైళ్లు ఆగిపోవడం, ఇలా మెట్టుమెట్టుగా రాస్తారు. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి 120 అయితే గోడ మీద పడే ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. మెట్టు మారినప్పుడల్లా నష్టం అంత ఎక్కువగా మారడానికి కారణం అదే.

రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల సంఖ్యల గురించి ఒక్క మాట. మచిలీపట్నంలో ఫలానా నంబరు హెచ్చరిక అని వినగానే నగరంలో అందరూ ఆందోళన పడతారు. అవి ఓడలకూ మత్స్యకారులకూ ఉద్దేశించినవి. ఒకటి, రెండు నంబర్లు దూరాన సముద్రంలో ఉన్న వాయుగుండం గురించో తుపాను గురించో చెప్పేవి. ఎనిమిది నుంచి పది వరకు మహా ప్రమాదం. ఊళ్లో ఉన్న మనకు ఆ సంఖ్యలతో నేరుగా పనిలేదు.

ఇప్పుడు విజయవాడ సంగతి. 2024 సెప్టెంబరు 1 తెల్లవారుజామున తీరం దాటింది తుపాను కాదు, వాయుగుండం. దానికి పేరు లేదు. అది తీరం దాటిన చోటు కళింగపట్నం పరిసరాలు, అంటే ఇక్కడికి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం. గాలి లెక్కన చూస్తే మన నగరంలో ఒక్క రేకు కూడా ఎగరనక్కర్లేదు. అయినా మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి, బుడమేరు వాగు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్ చుట్టుపక్కల లక్షల మంది రోజుల తరబడి నీళ్లలో చిక్కుకుపోయారు. మరోవైపు ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బుడమేరు నీటిని వెలగలేరు దగ్గర నుంచి కృష్ణలోకి మళ్లించే ఏర్పాటు ఉన్నా, కృష్ణే నిండుగా ఉన్నప్పుడు ఆ నీరు పోయే దారి మూసుకుపోతుంది. ఈ వరద ఏ గమన పటంలోనూ కనిపించేది కాదు. రుతుపవనాల కాలంలో బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాలకు కేంద్రం దగ్గర కంటే నైరుతి దిక్కున ఎక్కువ వర్షం కురుస్తుంది. కళింగపట్నానికి నైరుతిన ఏముందో పటం తెరిచి చూస్తే చాలు, మన నగరం కనిపిస్తుంది.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. అదే సెప్టెంబరు నెలాఖరున అమెరికాలో హెలీన్ హరికేన్ ఫ్లోరిడా తీరాన్ని తాకింది, కానీ తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో కొండల మధ్య ఉన్న నార్త్ కరోలినా పట్టణం ఆష్‌విల్ వరదలో మునిగింది. గాలి తీవ్రతను బట్టి మెట్లు కట్టే పద్ధతి అక్కడా ఇక్కడా ఒక్కటే. తీరం దాటగానే సముద్రపు ఆవిరి అందక, కట్టెలు లాగేసిన పొయ్యిలా తుపాను చల్లబడుతుంది, స్థాయి పడిపోతుంది, పేరున్న తుపాను మళ్లీ వాయుగుండమవుతుంది. మేఘాల్లోకి అప్పటికే చేరిన నీరు మాత్రం తగ్గదు, అది ఎక్కడో ఒకచోట కురిసి తీరాలి.

అందుకే బులెటిన్ తెరవగానే నేను ముందుగా వర్షం పేరాకే వెళ్తాను. అక్కడ మూడు మాటలు ఉంటాయి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం, 204.5 నుంచి అత్యంత భారీ వర్షం. ఈ 24 గంటలు ఉదయం 8.30 నుంచి మరునాటి ఉదయం 8.30 వరకు. వినడానికి మూడూ ఒకలాగే ఉన్నా, నేల మీద వాటి మధ్య ఎంతో దూరం ఉంది. మొదటి స్థాయిలో బెంజిసర్కిల్ సర్వీసు రోడ్లు మునిగి సాయంత్రానికి తేరుకోవచ్చు. మూడో స్థాయి వర్షం మైలవరం కొండల మీద కురిస్తే, ఇక్కడ చినుకు ఆగిన తరువాత కూడా బుడమేరు పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఎన్టీఆర్ జిల్లాకు ఏ రంగు హెచ్చరిక ఉందో చూసిన వెంటనే, మున్నేరు నది మన వైపు వచ్చే ఎగువ ఖమ్మం జిల్లాకు ఏ రంగు ఇచ్చారో కూడా చూడాలి. ఎరుపు రంగు ఆ రెండింటిలో ఎక్కడున్నా పల్లపు కాలనీల్లో ఉన్నవారు వాహనాలను ఎత్తయిన చోటికి మార్చుకుని, మందులు, కాగితాలు పై అంతస్తుకు చేర్చుకోవడం మంచిది.

నేను డబ్బు చెల్లించి కొంతకాలం వాడిన ఒక ప్రైవేటు వాతావరణ యాప్‌లో ఈ వివరం లేనే లేదు. మేఘం బొమ్మ, పక్కన వర్షం పడే అవకాశం ఇంత శాతం అన్న అంకె, అంతే. వర్షం పడుతుందా లేదా అన్నది అల్పపీడనం ఉన్న రోజున ఎవరూ అడగని ప్రశ్న. ఎంత పడుతుంది, ఎక్కడ పడుతుంది అన్నవే కావాలి. ఆ చందాను నేను కొనసాగించలేదు. విండీ లాంటి వేదికల్లో ఐరోపా, అమెరికా కంప్యూటర్ అంచనా నమూనాలు రెండింటినీ పక్కపక్కన చూడవచ్చు, గాలుల కదలిక కంటికి బాగా ఆనుతుంది, ఆ మేరకు అవి మంచివే. అయితే ఒక నమూనా వేసిన బొమ్మకూ, ఉపగ్రహాలు, రాడార్లు, పలు నమూనాలు అన్నీ పరిశీలించి అనుభవజ్ఞులు చెప్పిన అంచనాకూ ఒకే విలువ ఇవ్వకూడదు. పైగా గాలి వేగాన్ని మన శాఖ మూడు నిమిషాల సగటుగా చెబుతుంది, అమెరికా సంస్థలు ఒక నిమిషం సగటుగా చెబుతాయి. అదే తుపానుకు అక్కడి అంకె ఎక్కువగా కనిపిస్తే, మన శాఖ తక్కువ చేసి చెబుతోందని ఎవరూ అనుకోవద్దు.

రైతుల విషయంలో ఈ సేవకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. డిసెంబరు మొదటి వారం అంటే దివిసీమలో వరి కోతలు జోరుగా సాగే సమయం. కోసిన వరి పనల మీద ఉండగా వాన పడితే గింజ రంగు మారుతుంది, రెండు రోజులు నీళ్లలో నానితే మొలకలు వస్తాయి, ఆ ధాన్యాన్ని కొనేవారు ఉండరు. మిగ్‌జాం వచ్చిన ఏడు, అది ఇంకా వాయుగుండంగా ఉన్నప్పుడే వర్షం పేరా చదివి మా బాబాయికి ఫోన్ చేశాను. కోసి ఉన్న పొలంలో పనలు కట్టించి కుప్ప వేయించాడు, కల్లంలోని ధాన్యం మీద బరకాలు కప్పించాడు, కోయని పొలాన్ని అలాగే వదిలేశాడు. వదిలేసిన చేను నేలకొరిగింది. కుప్ప వేసిన పంట మాత్రం చేతికొచ్చింది. గుంటూరు వైపు మిరప, పత్తి రైతులకు కూడా ఇలాంటి ఒకటి రెండు రోజుల వ్యవధే పంటకూ నష్టానికీ మధ్య నిలుస్తుంది.

లోటు గురించి కూడా చెప్పాలి. ఢిల్లీ నుంచి వచ్చే పూర్తి బులెటిన్ ఇంగ్లిషులో, సాంకేతిక పదాలతో, పలు పుటల్లో ఉంటుంది. అమరావతి వాతావరణ కేంద్రం, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ తెలుగులో ఇచ్చే సంక్షిప్త హెచ్చరికలు చాలా మేలు చేస్తున్నాయి, ఫోన్లకు నేరుగా వచ్చే సందేశాలూ అంతే. అత్యవసరమైతే 112, 1070 నంబర్లు ఉన్నాయి. కానీ నష్టం అంచనా, ఉప్పెన, వర్షం పేరాలు పూర్తిగా తెలుగులో, ఇంగ్లిషు బులెటిన్‌తో పాటే అదే గంటలో రావాలని నా గట్టి కోరిక.

రెండో కోరిక ఇంకా ముఖ్యమైనది. చిన్న పరీవాహక ప్రాంతాల వారీగా ఆకస్మిక వరద ముప్పును అంచనా వేసే సేవను వాతావరణ శాఖ 2020లోనే ప్రారంభించింది. పెద్ద నదుల మట్టాలను కేంద్ర జల సంఘం తన ఫ్లడ్‌వాచ్ యాప్‌లో చూపుతోంది. ఇవి రెండూ తుపాను బులెటిన్‌కు వేరుగా, వేర్వేరు చోట్ల ఉన్నాయి. వాయుగుండం తీరం దాటే రాత్రి సింగ్‌నగర్‌లోనో నందిగామలోనో ఉన్న గృహిణి మూడు చోట్ల వెతుక్కోలేదు. వర్షం పేరాలో జిల్లా పేరు పక్కనే బుడమేరు, మున్నేరు అన్న పేర్లు కూడా రాసి, వాటికి ముప్పు ఉందో లేదో ఒక్క వాక్యంలో చెబితే చాలు.